ఉత్తకాళ్ల వీరులు

ఆయన మీద కసి తీర్చుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకూ పళ్లు ఊడుతున్నాయి. అయినా ఆ రోజు పొద్దున పేపరు విప్పి చూసుకున్నప్పటి సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నోట్లో బెల్లం ముక్క పడ్డట్టే ఉంటుంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పి బతికిన మనిషి గురించి నేను మాత్రం చెడే చెప్తాను.

యాభైల నడిమి మాట. మద్రాసులో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నేను లెఫ్ట్ హాఫ్. మా అన్న రైట్ అవుట్. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. రాయపురంలో మా ఇంటికి మూడో ఇల్లు వాళ్లది. నాకంటే ఏడాది పెద్ద, మా వీధి మొత్తం మీద కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. నేను రెండోవాణ్ణి, అదీ వాడు ఎక్కాడు గనక. వాళ్ల నాన్న రేవులో మూటలు మోసి మోసి నడుము పోయి ఇంట్లో పడున్నాడు. వాళ్లమ్మ పొద్దున్నే సముద్రం ఒడ్డున పడవల దగ్గర చేపలు కొని, గంపకెత్తుకుని వీధుల్లో అమ్మేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆదివారం వాళ్లు చర్చికి పోతే నేను వాళ్ల వాకిట్లో కూర్చుని వాడికోసం ఎదురుచూసేవాణ్ణి. వాడు వచ్చాక గానీ బంతి బయటికి రాదు.

మా జట్టులో ఎవరికీ బూట్లు లేవు. మడమల చుట్టూ గుడ్డపట్టీ బిగించి, ఉత్తకాళ్లతో ఆడేవాళ్లం. బూట్ల జట్టును ఓడించినప్పుడల్లా మాకదో పొగరు. అరికాలు తెగడం మామూలే. అప్పట్లో దెబ్బ తగిలినవాడికి బదులు ఇంకొకణ్ణి దింపే పద్ధతి లేదు. కాలు కడుక్కోవడానికి గీత దాటి బయటికి పోతే అంతసేపూ జట్టు పదిమందితో ఆడాలి. అందుకని మాకు ఒకే ఒక వైద్యం ఉండేది. గ్రౌండు మట్టి చిటికెడు తీసి, తెగిన చోట గట్టిగా అదిమి, పట్టీ లాగి కట్టడం. ఏ నేల కోసిందో ఆ నేలే మాన్పుతుందని పాత ఆటగాళ్లు చెప్పేవాళ్లు. నెత్తురు నిజంగానే ఆగేది. ఆట లేని రోజుల్లో ఆ గ్రౌండులో జట్కా గుర్రాలు మేస్తాయని మాకు తెలుసు. దాని గురించి మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

క్వార్టర్ ఫైనల్లో అన్న అరికాల్లో సోడాబుడ్డి పెంకు దిగింది. ఆట ముగియడానికి పది నిమిషాలుంది. వాడు గీత పక్కన కూలబడి కాలు నా వైపు చాపాడు. "యాడికీ పోలేను రా, ఈడనే పెట్టు" అన్నాడు. పెంకు లాగింది నేను. మట్టి తీసి అదిమింది నేను. వాడు లేచి కుంటుకుంటూనే మూల దాకా ఉరికి, బంతిని గోలు ముందుకు లేపాడు. గోలు పడింది. గెలిచాం.

నేను కసి తీర్చుకున్న ఆ విలేకరి గారి గురించి ఇక్కడ చెప్పాలి. మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు పేపరుకి ఆయన ఆటల పేజీ రాసేవాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి. మెరిసే బూట్లు, మడత నలగని పంట్లాం. ఒకే సాయంత్రం క్రికెట్టు ఒకచోట, హాకీ ఒకచోట, ఫుట్‌బాలు ఒకచోట ఉంటే, ఎక్కడ కాఫీ బాగుంటుందో ఆయన అక్కడికి పోయేవాడు. మాది ఉత్తకాళ్ల ఆట కాబట్టి మా గ్రౌండులో కాఫీ కూడా ఉత్తదే. పైగా బెజవాడ వైపు పోయే మెయిలుకి పేపరు కట్టలు ఎక్కించాలంటే ఆటల పేజీ ఆరున్నరకల్లా అచ్చుకి పోవాలి. అందుకని ఆయన మధ్యాహ్నమే మ్యాచి మొత్తం రాసి పెట్టేవాడు. ఎవరు ఎలా ఉరికారు, జనం ఎలా చప్పట్లు కొట్టారు, గాలి ఎటు వీచింది, అంతా. స్కోరుకీ గోలు కొట్టినవాళ్ల పేర్లకీ మాత్రం ఖాళీలు వదిలేవాడు. ఆ ఖాళీలు పూరించేది నేను. జట్టులో తెలుగు మాట్లాడేవాళ్లం అన్నా నేనూ ఇద్దరమే కాబట్టి, ఆయన నన్ను పట్టుకున్నాడు. ఆట కాగానే గ్రౌండు ఎదురుగా ఉన్న మందుల షాపుకి ఉరికి, అక్కడున్న టెలిఫోనులో చెప్పేవాణ్ణి. నా మాట అచ్చులో పడుతుందని నాకు అదో గొప్ప.

ఆ రోజు కూడా చెప్పాను. స్కోరు చెప్పి, అన్న కాలు తెగిన సంగతి చెప్పి, "మట్టి నేనే పెట్టాను సార్" అన్నాను. నా వెనక అలమరలో గాయాలకు రాసే టింక్చరు సీసాలు వరసగా ఉన్నాయి. షాపాయన నా పక్కనే నిలబడి వింటున్నాడు. అన్న బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈ మూడూ కలిపి చూసే బుద్ధి నాకు లేకపోయింది.

మరునాడు పేపర్లో, గాయపడిన ఆటగాడు తానే వంగి నేలతల్లి మట్టిని గాయానికి తిలకంలా దిద్దుకుని మళ్లీ రంగంలోకి దూకాడని వచ్చింది. తిలకం ఎక్కడైనా అరికాలికి దిద్దుకుంటారా అని మేమిద్దరం పడీపడీ నవ్వాం.

ఎనిమిదో రోజున అన్న అన్నం తినలేకపోయాడు. నోరు తెరుచుకోవడం లేదు. పెద్దమ్మ నన్ను వీధిలో ఆపి అడిగింది. "ఏమప్పా, వాడికి ఆటలో దెబ్బేమన్నా తగిలిండాదా?" సెమీఫైనలు మూడు రోజుల్లో ఉంది. దెబ్బ అని తెలిస్తే ఆమె పంపదు. వాడు లేకపోతే మేం గెలవం. "ఏం లేదు పెద్దమ్మా, గొంతునొప్పి అయ్యుంటుంది" అన్నాను. ఆ మర్నాడు వాడి వీపు విల్లులా వంగిపోయింది. రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయారు. వార్డు బయట డాక్టరు గాయంలో ఏం పెట్టారని నన్నడిగాడు. చెప్పాను. గుర్రాలు తిరిగే నేల మట్టి విషమనీ, ఇది ధనుర్వాతమనీ, ఆ రోజే కడిగి సూది వేయించి ఉంటే బతికేవాడనీ చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులకు అన్న పోయాడు.

చచ్చినవాడి కళ్లు చారెడేసి అన్నారు. మా విలేకరి ఆ కళ్లను చేటలంత చేశాడు. పోయిన మర్నాడు పేజీ సగం మా అన్నే. ఎలా పోయాడన్న మాట ఒక్కటీ లేదు. ఆట కోసం నేలకొరిగాడట. పైన ఫోటో ఒకటి వేశారు. వాళ్ల దగ్గర మా అన్న ఫోటో అచ్చువేసే బ్లాకు లేదు, ఎవరో ఒక ఆటగాడిది ఉంటే అదే దింపారు. పెద్దమ్మకు చదువు రాదు. ఆ పేపరు ఎవరో తెచ్చిస్తే చాలాసేపు చూసి, "ఈడు మావోడు కాదే" అంది. వారం వాయిదా పడిన సెమీఫైనలు మేం గెలిస్తే, ఆయన రాతలో అదీ మేం గెలిచింది కాదు. మా సెంటర్ ఫార్వర్డ్ కొట్టిన గోలు అన్న ఆత్మ కొట్టిందట. గోల్‌కీపర్ చెయ్యి విరగ్గొట్టుకుని ఆపిన పెనాల్టీ, అన్న అదృశ్యంగా వచ్చి ఆపాడట. పాపం గోల్‌కీపర్ చేతికి కట్టు కట్టుకుని ఆ పేపరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. ఉత్తకాళ్ల వీరులన్న పేరు ఆయన పెట్టిందే. అందులో నేలతల్లి మట్టి తిలకం తప్పకుండా ఉండేది. కాలేజీ పెద్దలకు అది తెగ నచ్చింది. బూట్లు అడిగినవాడు అన్నను అవమానించినట్టే అయింది.

అవన్నీ భరించేవాణ్ణేమో. ఒకరోజు గ్రౌండుకు పోతే పక్క స్కూలు పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడికి బొటనవేలు చిట్లింది. మిగతావాళ్లు చుట్టూ చేరి, మా అన్న పేరు చెప్పి, మట్టి తీసి దాంట్లో కూరుతున్నారు. నేను ఉరికి వాడి కాలు పట్టుకుని కుళాయి కిందికి లాక్కుపోయాను. వాడు ఏడ్చాడు. నన్ను పిచ్చివాడన్నారు. పేపర్లో రాశారు కదా అన్నారు.

అదే సాయంత్రం పేపరాఫీసుకు పోయాను. అచ్చుసిరా వాసన, సీలింగు ఫ్యాను కింద ఆయన. ఒక్క వాక్యం రాయమన్నాను. ధనుర్వాతంతో పోయాడు, గాయంలో మట్టి పెట్టకండి అని. అంతే.

"అబ్బాయ్, ధనుర్వాతం ఆస్పత్రి వార్త. అది మూడో పేజీ. నాది ఐదో పేజీ" అన్నాడాయన.

"పిల్లకాయలు మీ రాత చూసి మట్టి పెట్టుకుంటా ఉండారు సార్."

"పొద్దున్నే కాఫీ తాగుతూ దవడ బిగుసుకుపోవడం గురించి ఎవడు చదువుతాడోయ్? చనిపోయినవాడికి ఒక మర్యాద ఉంది. దాన్ని చెడగొట్టకు. ఫైనలు రోజు మాత్రం వేళకి ఫోను చెయ్యి."

అప్పుడే ఆయన నాకు రెండు కాగితాలు చూపించాడు. ఫైనలు ఇంకా పన్నెండు రోజులుంది. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, రెండూ రాసేసి ఉన్నాయి. గెలిస్తే ఉత్తకాళ్లతో దుమ్మురేపి అన్నకు కప్పు సమర్పించాం. ఓడితే ఉత్తకాళ్లు కన్నీళ్లతో తడిసి జారాయి. కప్పు మారింది గానీ కాళ్లు మారలేదు. నాకు కడుపు మండింది. ఆ మంటలోనే నా బుర్ర బాగా పనిచేసింది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు కదా, ఈయనకు బూటుదెబ్బే సరి అనుకున్నాను.

జట్టును ఒప్పించడం కష్టం కాలేదు. అన్నలా చావాలని ఎవరికుంటుంది? బూట్లు దొరకడమే కష్టమైంది. కోటలో ఉన్న పటాలం జట్టు స్టోరు చూసే హవల్దారు చిత్తూరు వైపువాడు. నా భాష విని కరిగాడు. పాత బూట్లు పదకొండు జతలు గోనెసంచిలో వేసి ఇచ్చాడు. ఒక్కటీ మా కాళ్లకు సరిపోలేదు. అన్నీ పెద్దవే. ముందు ఖాళీలో కాగితం కుక్కాలి. ఏ కాగితమో మీకు చెప్పక్కర్లేదు. వెతికి మరీ ఐదో పేజీలే తెచ్చాను. ఉత్తకాళ్ల వీరులు ముక్కలు ముక్కలుగా మా వేళ్ల ముందు నలిగారు. ఆ సుఖం ఇంతా అంతా కాదు. కాలేజీ వాళ్లకు తెలియకుండా పదిరోజులు తెల్లవారుజామున రాయపురం ఇసకలో ఆడి చూసుకున్నాం. మడమలు ఒరుసుకుపోయాయి. ప్రతిరోజూ నేనే అందరి పుళ్లూ ఉప్పునీళ్లతో కడిగి టింక్చరు రాసేవాణ్ణి. మంటకి వాళ్లు నన్ను తిట్టేవాళ్లు. తిట్టనీ.

ఫైనలు రోజు ఆ పదకొండు జతలూ వేసుకుని గ్రౌండులోకి దిగాం. షామియానా కింద కాలేజీ పెద్దల ముఖాలు చూడాల్సిందే. ఒక ఇంగ్లీషు పేపరు ఫోటోగ్రాఫరు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీశాడు. మా విలేకరి గారు అలవాటు ప్రకారం రాలేదు. క్రికెట్టు ఉంది ఆ రోజు.

ఓడిపోయాం. నిజం చెప్పాలంటే దారుణంగా ఆడాం. కాళ్లకి ఇటుకలు కట్టుకుని ఉరికినట్టుంది. ఉత్తకాళ్లతో ఆడి ఉంటే ఆ కప్పు మాదే, ఆ మాట జట్టులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆట కాగానే బూట్లతోనే టకటకమంటూ రోడ్డు దాటి మందుల షాపులో ఫోను తీశాను.

"రెండు సున్నా సార్. ఓడిపోయినాం."

"అయ్యో. సరే, రెండో కాగితమే పంపిస్తాను. చెప్పుకోదగ్గ విశేషం ఏవన్నా ఉందా?"

"ఏం లేదు సార్. మీరు రాసినట్లే జరిగింది."

జీవితంలో నేనాడిన అబద్ధాల్లో నాకిష్టమైనది అదే. మరునాడు పొద్దున ఊరంతా రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో మా ఉత్తకాళ్లు కన్నీళ్లతో తడిసి జారుతున్నాయి. ఇంకోదాంట్లో మేం పదకొండుమందిమి పటాలం బూట్లతో నిలబడి ఉన్నాం. టీ కొట్టు దగ్గర ఒకడు చదువుతుంటే పదిమంది పొట్టలు పట్టుకున్నారు. నేను నాలుగు చోట్ల నాలుగుసార్లు టీ తాగాను, మళ్లీ మళ్లీ వినడానికి.

మూడో రోజున ఆ పేపరు చిన్న సవరణ వేసింది. ఫైనల్లో ఆటగాళ్లు పాదరక్షలు ధరించి ఉన్నారని, పొరపాటుకు చింతిస్తున్నామని. అంతే. మట్టి గురించి లేదు, ధనుర్వాతం గురించి లేదు. బూట్లు వేసుకున్నామన్న నిజానికి చింతించారు, మనిషి ఎలా పోయాడన్న నిజానికి చింతించలేదు. ఆటల పేజీ మాత్రం ఆయన దగ్గర్నుంచి లాగేసుకుని ఇంకెవరికో ఇచ్చారు. ఆయనకు రేవులోకి వచ్చే పోయే ఓడల జాబితా రాసే పని అప్పజెప్పారు. దాంట్లో చప్పట్లు, కన్నీళ్లు రాయడానికి వీల్లేదు. ఓడ పేరు, వచ్చిన వేళ, అంతే. ఇంతకంటే మంచి శిక్ష నేను కూడా వేయలేకపోయేవాణ్ణి.

ఓడల పని మూలంగా ఆయన రోజూ మా వైపే రావాల్సి వచ్చింది. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం రేవు రోడ్డు మీద ఎదురుపడ్డాడు. చేతిలో గొడుగు. బూట్ల మీద బొగ్గుదుమ్ము. నాకు ఆ దుమ్ము చూసి ఆనందమైంది.

"నన్ను ఓడల పాలు చేశావు కదుటోయ్" అన్నాడు, కోపం లేకుండానే.

"మీరు మా అన్నని చేసినదానికంటే తక్కువే సార్."

ఆయన గొడుగు మూశాడు. "ఆ రోజు ఫోన్లో నువ్వేవన్నావు? మట్టి నేనే పెట్టాను సార్ అన్నావు. నేనేం రాశాను? వాడే పెట్టుకున్నాడని రాశాను. మొదటిసారి అందం కోసం రాశాను, ఒప్పుకుంటాను. తర్వాత నువ్వొచ్చి మట్టి విషవని రాయమన్నావు. రాస్తే, ఆ మట్టి పెట్టిందెవరని అడగరూ? వాళ్లమ్మ అడగదూ? నువ్వు ఆవిడ ఎదురుగుండానేగా బతకాలి?"

ఆయన గొడుగు విప్పుకుని రేవు వైపు పోయాడు. ఆ దయ ఆయనకు అప్పుడే ఉందో, ఓడల పేర్లు రాసుకుంటూ దారిలో అల్లుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. చూడని ఆటను కళ్లకు కట్టినట్టు రాసిన మనిషికి లేని దయను అల్లడం ఎంతసేపు? నేను ఆయన్ను క్షమించలేదు. కానీ ఆ మనిషి దాచిపెడితే నేను బతుకుతున్నానన్న మాట మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఆయన దయ కింద ఒక్క రోజు కూడా ఉండదలచుకోలేదు. కసితోనే తెల్లారి సముద్రం ఒడ్డుకు పోయాను.

పెద్దమ్మ పడవ పక్కన కూర్చుని చేపలు ఏరి గంపలో సర్దుకుంటోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"పేపర్లో రాసింది అబద్ధం పెద్దమ్మా. మట్టి వాడు పెట్టుకోలేదు. నేను పెట్టినా."

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసప్పా. ఆస్పత్రికి పోయేటప్పుడు రిక్షాలో బిగుసుకున్న పండ్ల సందులోనించి వాడే చెప్పినాడు. ఆడేవోళ్లందురూ అట్లనే పెడతారంట గదా. దానికి నేనేమీ అనుకోలే."

గుండెల్లోంచి బరువు దిగినట్టయింది. లేవబోయాను.

"వాడు నోరు తెరవలేకుండా ఉన్న దినం, దెబ్బేమన్నా తగిలిండాదా అని నిన్ను అడిగితిని గదా" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా. "ఏం లేదంటివి. ఆ పొద్దే చెప్పుంటే ఆ పొద్దే ఆస్పత్రికి ఎత్తకపోయుందును. దాని గురించి ఎవురూ రాయలేదే."

సెమీఫైనలు ఉండిందని ఆమెతో ఎలా చెప్పను? ఆమె నా జవాబు కోసం ఆగనూ లేదు. చేపల మీద తడిగుడ్డ కప్పింది, తల మీద చుట్టకుదురు పెట్టుకుంది. నిండు గంప ఎవరూ ఒంటిగా తలకెత్తుకోలేరు. పక్కనున్నవాళ్లు ఎవరైనా ఒక చెయ్యి వేయాలి. నేను లేచి వంగి గంప అంచు పట్టుకున్నాను. ఆమె నా చేతులు తీసేసి, నాలుగు పడవల అవతల ఉన్న ఒక ఆడమనిషిని కేకేసి, ఆమె నడిచి వచ్చేదాకా అలాగే నిలబడింది.